ఒర లేని కత్తి

మూడు చీటీలూ చదివి పంతులమ్మ పెదవి విరిచింది.

"ఇంతింత వయసులొచ్చాయి. వీళ్ళకు దొరికిన బాధలు ఇవా?" అంది.

ఆవిడ బళ్ళో లెక్కలు చెబుతుంది. ఆదివారం మధ్యాహ్నాలు మాత్రం ఇంట్లో బల్ల చుట్టూ ముగ్గురిని కూర్చోబెట్టి ఒక ఆట నడుపుతుంది. కథ ఆవిడ చెబుతుంది. మిగతావాళ్ళు అందులో వీరులై, పాచికలు వేసి రాక్షసులతో పోరాడతారు. ఆట సగానికి వచ్చాక ఒక్కొక్కరికి ఒక సొంత ఆయుధం ఇవ్వడం ఆవిడ పద్ధతి. పుస్తకాల్లోంచి ఎత్తిరాసిన కత్తులూ గదలూ ఆవిడకు గిట్టవు. ఎవరి ఆయుధం వాళ్ళ బతుకులోంచే రావాలి.

అందుకని మనసును మెలిపెట్టే సంగతొకటి చీటీ మీద రాసి, చెప్పుల స్టాండు మీది బిస్కెట్ల డబ్బాలో వేయమంటుంది. పేరు రాయకూడదు. రాత పోల్చుకునే వీల్లేకుండా ఎడమచేత్తో రాయాలి. ఎవరి చీటీ ఏదో తనే ఇట్టే పట్టేస్తానని ఆవిడ గొప్ప.

మొదటి చీటీ: "నాన్న కొనిచ్చిన స్కూటర్ ఎవరో ఎత్తుకుపోయారు." ఇది పళ్ళ డాక్టరుది. నలభై దాటినా ఇంకా స్కూటర్ కోసం ఏడుపే. విసిరితే తిరిగి చేతికొచ్చే ఈటె ఒకటి రాసి పడేసింది.

రెండోది: "ఒక పూటంతా లిఫ్టులో చీకట్లో ఇరుక్కుపోయాను." ఇది లిఫ్టు మెకానిక్కుది. లిఫ్టులు బాగుచేసే మనిషికి లిఫ్టంటే భయం. నవ్వాలో ఏడవాలో ఆవిడకు తెలియలేదు. భయం వేసినప్పుడు వెలిగే సుత్తి ఇచ్చి చేతులు దులుపుకుంది.

మూడోది చదివి మాత్రం ఒంటికాలి మీద లేచింది.

"ఇంట్లో మనిషి నా మాట చెవిన వేసుకుని పదేళ్ళు దాటింది. ఉండాలో, వెళ్ళిపోవాలో ఈ ఆదివారం తేల్చుకుంటాను. మీరిచ్చే ఆయుధం ఎటు చెబితే అటు."

లైబ్రరీ అమ్మాయి. ఇంకెవరు? నోట్లో నాలుక లేని మనిషి. ఆట మధ్యలో మొగుడు రెండుసార్లు ఫోన్ చేస్తాడు. ఈ పిల్ల బాల్కనీలోకి పరిగెత్తి, గుసగుసలాడి వస్తుంది. ఆ మొగుడు ఎలాంటివాడో పంతులమ్మకు కళ్ళకు కట్టినట్టయింది. పక్కన మనిషి ఉన్నదీ లేనిదీ పట్టని రకం. పనులు పురమాయించడమే తప్ప, తిన్నావా, ఎలా ఉన్నావు అని ఒక్క మాట అడగని రకం. అలాంటివాళ్ళంటే ఆవిడకు ఒళ్ళుమంట. పదేళ్ళు పడి ఉన్నవాళ్ళంటే అంతకన్నా చులకన.

ఆయుధాల బొమ్మలు చెక్కేది పంతులమ్మ మొగుడు. చెక్కపని తప్ప ఆయనకింకేమీ చేతకాదని ఆవిడ నమ్మకం. గీసిన కాగితం ఆయన ముందు పడేసింది.

"కత్తి. సన్నగా ఉండాలి. ఏ బంధం మీద పెడితే ఆ బంధం తెగుతుంది. ఇక అతకదు."

ఆయన కాగితాన్ని అటూ ఇటూ తిప్పి చూశాడు. "దీనికి ఒర గీయలేదే."

"ఒరెందుకు? ఒకసారి తీశాక మళ్ళీ లోపల పెట్టేది కాదు."

"మళ్ళీ ఆలోచించుకునే వీలుండొద్దా?"

"మిమ్మల్ని చెక్కమన్నానా, ఆలోచించమన్నానా?"

ఆయన చెక్కాడు. మూడు రోజులు పట్టింది.

ఆదివారం అందరూ చేరారు. ఈటె చేతికి రాగానే డాక్టరు కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు. సుత్తి అందుకుని మెకానిక్కు గోడవైపు తిరిగాడు. వీళ్ళను ఏడిపించడం ఎంత తేలికో అని పంతులమ్మ లోలోపల నవ్వుకుంది.

మూడో ఆయుధానికి లేచి నిలబడి మరీ చదివింది.

"ఈ కత్తి పట్టినవాళ్ళకు వెనక్కి చూసే పని లేదు. విననివాళ్ళకు చెప్పింది చాలు. లే. తలుపు తెరిచే ఉంది."

పంతులమ్మ మొగుడు కత్తి తెచ్చి బల్ల మీద పెట్టాడు. ఆవిడ దాని అంచును వేలితో తడిమి చూసింది.

"ఇంకొంచెం నున్నగా తీయాల్సింది," అంది.

"నేను వెళ్తున్నాను," అన్నాడాయన.

"వచ్చేటప్పుడు పాలు పట్టుకురండి," అంది ఆవిడ, తల తిప్పకుండానే. వెనకాల తలుపు మెల్లగా మూసుకుంది.

పంతులమ్మ కత్తిని లైబ్రరీ అమ్మాయి చేతిలో పెట్టింది. "ఇవాళే ఇంటికెళ్ళి ముఖాన చెప్పెయ్. భయపడకు."

"ఎవరి ముఖానండీ?"

"ఎవరేమిటి, మీ ఆయన. ఆడుతున్నంతసేపూ ఫోన్లు చేసి ప్రాణం తోడేస్తాడుగా."

"అదా. పాపకు జడ వేయడం రాదండీ ఆయనకి. ఏ పాయ ఎటు తిప్పాలో అడుగుతారు."

డాక్టరు ఫక్కున నవ్వాడు. పంతులమ్మకు తల కొట్టేసినట్టయింది.

"మరి చీటీలో ఆ ఏడుపంతా ఎందుకు రాశావు?"

ఆ అమ్మాయి కత్తిని జాగ్రత్తగా బల్ల మీద పెట్టేసింది.

"నేను చీటీ వేయడమే మర్చిపోయానండీ, మీవారు ఎడమచేత్తో రాసి డబ్బాలో వేస్తుంటే చూసి, ఆయన కూడా ఆటలోకి వస్తున్నారేమో అనుకున్నాను."