ఇల్లిరా బట్టలు

"ఆ పేజీ తీసెయ్. రేపు అది అచ్చుకి వెళ్ళకూడదు," అంది ఆవిడ, పుస్తకం బల్ల మీద కొట్టి.

పిట్స్‌బర్గ్ కామిక్స్ మేళాలో సంతకాల కోసం వరసలో నిలబడ్డ మా అందరికీ వినబడింది. బల్ల వెనక గ్రేడీ హోల్ట్ పెన్ను ఆపాడు. ఇల్లిరా అనే వీరనారి బొమ్మల కథలు రాసేదీ, బొమ్మలు గీసేదీ అతనే. ఇన్నాళ్ళూ విడివిడిగా వచ్చిన ఆ కథలన్నీ కలిపిన పెద్ద పుస్తకం రేపే అచ్చుకి వెళ్తోంది.

అతని వెనకాల గోడంత ఇల్లిరా బొమ్మ. చేతిలో కత్తి ఉంది కానీ ఒంటి మీద చేతిరుమాలంత గుడ్డ లేదు. ఆ అవతారంతోనే, ఆ పేజీలో, చావుబతుకుల్లో ఉన్న తండ్రి మంచం పక్కన కూర్చుంటుంది. చూస్తే ఎవరికైనా ఒళ్ళు మండుతుంది. నాకూ మండింది.

కానీ అక్కడ ఆమె మాటలు చదివి ఏడవనివాళ్ళు లేరు. 'నాన్నా, ఇంక వెళ్ళిపో. నీ మీద కోపం నాకు పోలేదు. అయినా చెయ్యి వదలనులే' అంటుంది. అలాంటి బట్టల్లో ఇలాంటి మనిషా అని విమర్శకులు కూడా నోరెళ్ళబెట్టారు.

గ్రేడీ మా వరసకేసి చూసి కన్నుకొట్టాడు.

"మేడమ్, బొమ్మ చూసి మనిషిని తేల్చేస్తే ఎలా? కాస్త చదవండి. ఆడదాని మనసు ఇంత బాగా ఎవరు రాశారు?"

అందరూ చప్పట్లు కొట్టారు. ఆవిడకి నలభై దాటి ఉంటాయి. ఆఫీసు నుంచి నేరుగా వచ్చినట్టుంది, మెడలో కార్డు కూడా తియ్యలేదు. ఈ పెద్దమ్మకి బొమ్మల పుస్తకాలెందుకు, చర్చికి పోక, అన్నాడు నా వెనకాల ఒకడు. వాణ్ణి నాలుగు తన్నాలనిపించింది.

ఆవిడ వాడి మొహం కూడా చూడలేదు. ఆ పేజీ తియ్యాల్సిందేనని మళ్ళీ అదే మాట అంది.

గ్రేడీ పెద్దమనసు చూపించాడు. సరే, మీ కోసం ఆ ఒక్క పేజీలో ఆమెకి మెడ నుంచి పాదాల దాకా బట్టలు తొడుగుతాను, మాటల్లో మాత్రం అక్షరం మార్చను, అన్నాడు. మళ్ళీ చప్పట్లు. ఈసారి నేనూ కొట్టాను. అడిగింది దక్కింది కదా, ఇంకేం కావాలి ఈవిడకి అనుకున్నాను.

ఆవిడ బల్ల మీదికి వంగింది. గొంతు పెంచలేదు.

"దాని బట్టలు విప్పుతావో కప్పుతావో నీ ఇష్టం గ్రేడీ, కానీ ఆ మాటలు ఆసుపత్రిలో మా నాన్నతో నేనన్నవి, నీ పెళ్ళాన్ని కదా అని ఆ రోజు ఇంటికొచ్చి నీతో చెప్పుకుని ఏడ్చినవి."