పదకొండు చాలదా?

"సాయంత్రంలోగా అంకె తేలాలి మాస్టారూ. లేదంటే గని మొత్తం బూడిదే." ఫోన్‌లో గని మేనేజరు తొందరపెట్టాడు.

గని మూడో పొరలో పొద్దుటినుంచి నిప్పు రగులుతోంది. గాల్లో లేచిన బొగ్గుపొడికి అది తగిలిందంటే గని నోటి దగ్గర నిలబడ్డవాళ్లు కూడా మిగలరు. నైట్రోజన్ ఎక్కించి లోపలి ఆక్సిజన్ తగ్గించాలి. ఎంతకు తగ్గిస్తే పొడి అంటుకోదో చెప్పాల్సింది ప్రయోగశాల మాస్టారే. ఇరవై ఏళ్లుగా నిప్పుతో కాపురం చేస్తున్న మనిషి కాబట్టి అందరూ ఆయన్ను నిప్పు మాస్టారంటారు.

"లోపలివాళ్లంతా పైకొచ్చారా సార్? మా తమ్ముడు పొద్దున్నే దిగాడు."

"వచ్చేశారు. దిగేటప్పుడు బోర్డుకు తగిలించిన, పేర్లు చెక్కిన ఇత్తడి బిళ్లలు ఎవరివి వాళ్లు తీసేసుకున్నారు కూడా. మీ తమ్ముడు ఇక్కడే నీళ్ల పంపు బాగుచేస్తున్నాడు."

నిజమే, ఫోన్‌లో ఇనుప గొట్టం మీద దెబ్బలు వినిపిస్తున్నాయి. ఐదు దెబ్బలు, కాసేపు ఆగి మళ్లీ ఐదు. మాస్టారికి ప్రాణం లేచొచ్చింది. అమ్మ పోయాక ఆయన చేతుల్లో పెరిగిన తమ్ముడు వాడు.

"వాడికి సుత్తి తప్ప వేరే వైద్యం తెలీదు లెండి," అని నవ్వి ఫోన్ పెట్టేశారు.

గుప్పెడు బొగ్గుపొడి ఇనుప గోళంలో పోసి, మామూలు గాలి నింపి, నిప్పురవ్వ వదిలారు. ఢామ్మంది. బల్ల మీది కళ్లద్దాలు కిందపడ్డాయి. ఆక్సిజన్ పదిహేను శాతానికి దించితే మంట నీరసించింది. పదమూడుకు ఆరిపోయింది. కానీ గనిలో మీథేన్ కూడా ఉంటుంది కదా. అది పిసరంత కలిపారో లేదో, చచ్చిందనుకున్న పొడి మళ్లీ భగ్గుమంది. పదకొండు దగ్గర మాత్రం మీథేన్ కలిపినా కిక్కురుమనలేదు. మూడుసార్లు చూశారు. మూడుసార్లూ అంతే.

కాగితం మీద పదకొండు అని రాశారు. అంతలో తమ్ముడు గుర్తొచ్చాడు. అంకె ఏమాత్రం తప్పినా ముందు పోయేది వాడే. పదకొండులో మనిషి కాసేపైనా బతుకుతాడు, ఎనిమిదిలో నిమిషాలే; అయినా లోపల ఎవరూ లేరుగా అని పదకొండు కొట్టేసి ఎనిమిది వేశారు.

"ఎనిమిదా?" అన్నాడు మేనేజరు. వెనక ఐదు దెబ్బలు వినిపించాయి. "పదకొండు చాలదా మాస్టారూ? ఒకటికి రెండుసార్లు ఆలోచించండి."

"నైట్రోజన్ దగ్గర కూడా పిసినారితనమేనా సార్? మా తమ్ముడు గని నోటి దగ్గర ఉన్నాడు. నేనొప్పుకోను. ఎనిమిదే."

"సరే. మీరే అన్నారు. సంతకం పెట్టి పంపండి."

మాస్టారు దర్జాగా పెట్టారు.

సాయంత్రం మళ్లీ ఫోన్ మోగింది. గండం గడిచింది, గని దక్కింది. ఈసారి సుత్తి చప్పుడు లేదు. పంపు బాగైనట్టుందని, ఫ్లాస్కు నిండా టీ పోయించుకుని మాస్టారు గని ఆఫీసుకు బయల్దేరారు. దారిపొడవునా ఈల వేస్తూనే ఉన్నారు.

ఆఫీసులో ఎవరూ ఆయన ముఖంలోకి చూడలేదు. మేనేజరు కుర్చీ ఖాళీగా ఉంది.

కుర్చీ వెనక బోర్డు మీద ఇంకా ఐదు బిళ్లలు వేలాడుతున్నాయి, మొదటిది తమ్ముడిది.