ఒక్క రింగు

"మా అన్నయ్య నన్ను బ్లాక్ చేశాడా, లేక నా ఫోనే పాడైందా? ఆ ఒక్క ముక్క తేల్చి చెప్పు తమ్ముడూ!"

ఆమె ఫోన్‌ను కౌంటర్ మీద పెట్టింది. మెడలో కొలతల టేపు అలాగే వేలాడుతోంది. కుట్టుమిషన్ ముందు నుంచి లేచి తిన్నగా వచ్చేసినట్టుంది.

సెల్ మెకానిక్ అప్పటికే చిరాకులో ఉన్నాడు. అతని చేతిలో, వెనక మూత తీసిన వేరే ఎవరిదో ఫోను గుక్కతిప్పుకోకుండా మోగుతోంది. పని మధ్యలో ఫోన్ మోగితే అతనికి ఒళ్లు మండుతుంది. పేరు లేని నంబరు పదేపదే మోగిందంటే అది ఏదో ఒకటి అంటగట్టేవాళ్లదేనని అతని తీర్మానం. ఇక దానికి తిరుగులేదు. తెర మీద టకటకా నొక్కి ఆ నంబరును బ్లాక్ చేసేశాడు.

"పీడ వదిలింది. ఇది మన తరఫున ఉచితం," అన్నాడు తనలో తనే.

పేర్లు గుర్తుపెట్టుకోవడం అతని వల్ల కాని పని. అందుకే కస్టమరు చేసే పని, ఫోన్ జబ్బు, తను చేసిన వైద్యం, అన్నీ కలిపి అదే పేరుగా సేవ్ చేసుకుంటాడు. ఇప్పుడూ తన ఫోన్ తీసి "పాల వ్యాను, ఛార్జింగ్ పిన్ను, నస నంబరు బ్లాక్ చేశాను" అని టైప్ చేసి, తలెత్తాడు.

"ఇప్పుడు చెప్పండక్కా."

"అందరికీ కాల్ వెళుతోంది. మా అన్నయ్యకే వెళ్లడం లేదు. ఒక్క రింగు వస్తుంది, కట్టయిపోతుంది."

ఆ ఒక్క రింగు సంగతి మెకానిక్‌కు తెలియనిది కాదు. కానీ మొహం మీద చెప్పడానికి నోరు రాలేదు. "ముందు మీ ఫోన్ సంగతి చూద్దాం," అని పనిలో పడ్డాడు. ఎయిర్‌ప్లేన్ మోడ్ పెట్టి తీశాడు. సిమ్ బయటికి లాగి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ దూర్చాడు. నెట్‌వర్క్ సెట్టింగులన్నీ మొదటికి తెచ్చాడు. షాపు ఫోన్‌కు చేస్తే ఖంగుమని మోగింది. 'అన్నయ్య' అన్న పేరు మీద నొక్కాడు. ఒక్క రింగు. కట్.

"మొదట్నుంచీ ఇంతేనా?"

"లేదు. మూడు వారాల కిందట మొదటిసారి చేసినప్పుడు చివరిదాకా మోగింది. ఆ రోజు తొమ్మిదిసార్లు చేశాను. ఎత్తలేదు. ఆ సాయంత్రం నుంచే ఇలా."

"ఇది కొత్త నంబరా? మీరని తెలియలేదేమో."

"కొత్తదే. అందుకే మర్నాడు నేనేనని మెసేజ్ కూడా పెట్టాను. జవాబు లేదు."

"తొమ్మిదిసార్లు!" మెకానిక్ స్క్రూడ్రైవర్ కింద పెట్టేశాడు. "రాయైనా కరుగుతుంది కదక్కా! తోడబుట్టినదాన్ని బ్లాక్ చేయడానికి ఆ మహానుభావుడికి చేతులెలా వచ్చాయండీ?"

"ఆయన్ని ఏమీ అనకు," అంది గబుక్కున. "రెండేళ్ల కిందట నోరు జారింది నేనే. నీతో మాట్లాడితే ఒట్టు అన్నదీ నేనే."

"పోనీ, వెళ్లి కలవకూడదా?"

"రోజుకో ఊళ్లో ఉండే మనిషి. ఎక్కడని వెతకను?" ఆమె గొంతు దగ్గర చెయ్యి పెట్టుకుంది. "ఎల్లుండి నాకు ఇక్కడ ఆపరేషన్. తర్వాత మాట ఇలాగే వస్తుందని చెప్పలేమన్నారు డాక్టరు. ఈ గొంతుతో ఒక్కసారి 'అన్నయ్యా' అని పిలుద్దామని..."

మెకానిక్ స్టూలు ఆమె ముందుకు జరిపాడు, ఫ్యాను ఆమె వైపు తిప్పాడు, మంచినీళ్ల సీసా మూత తీసి చేతికిచ్చాడు. అంతకంటే ఏం చేయాలో అతనికి తోచలేదు. ఆ అన్నగారి మీద మాత్రం మంట పుట్టుకొస్తోంది.

"నా ఫోన్ నుంచి చేస్తానక్కా."

"వద్దు తమ్ముడూ! నా గొంతు విని పెట్టేస్తే? ఇన్నాళ్లూ ఫోను కట్టయితే ఓర్చుకున్నాను. ఆయనే కట్ చేస్తే నా వల్ల కాదు."

"మీరు మాట్లాడొద్దు. నేనే మాట్లాడతాను. ముందు నాలుగు దులిపి, మెత్తబడ్డాక మీ చేతికిస్తాను. సరేనా?"

ఆమె చాలాసేపు టేపు చివర వేలికి చుట్టుకుంటూ కూర్చుంది. చివరికి తలూపింది. ఫోన్ వైపు చూడనైనా చూడకుండా, కళ్లు మూసుకుని, ఒక్కొక్క అంకే చెప్పింది. మెకానిక్ ఆ కోపంలోనే ఠపఠపా నొక్కుతూ పోయాడు.

పదో అంకె పడగానే తెర మీద ఒక పేరు దానంతటదే వచ్చింది. అతని బొటనవేలు గాల్లోనే ఆగిపోయింది.

"ఏమైంది తమ్ముడూ? నీకూ కట్టయిందా?"

మెకానిక్ మెల్లగా తన ఫోన్‌ను ఆమె వైపు తిప్పాడు. అందులో అతను స్వహస్తాలతో టైప్ చేసుకున్న అక్షరాలు ఉన్నాయి.

"లారీ డ్రైవరు, పగిలిన అద్దం, చెల్లెలు చేస్తే ఎత్తి చెప్పమన్నాడు, తొమ్మిదిసార్లు విసిగించిన నంబరు బ్లాక్ చేశాను."