కొంగముక్కు పొట్లం

"తప్పు. ఈ మొక్క పేరు తప్పు," అంటూ పెద్దావిడ బల్ల మీది అట్టను వేలితో పొడిచింది.

క్యూరేటరుకు చిర్రెత్తుకొచ్చింది. ఎండబెట్టిన మొక్కల్ని అట్టలకు అతికించి దాచే ఆ హెర్బేరియంలో గట్టిగా తుమ్మడానికే జనం జంకుతారు. ఈవిడేమో బురద చెప్పులతో వచ్చి, అట్ట మీది ముప్పయ్యేళ్ల నాటి పేరు చీటీని తప్పంటోంది.

"ఇది మామూలు అడవి జెరేనియం అమ్మా. కలుపుమొక్క. ఇది పెరిగే ఆ కొండవాలు తవ్వుకోవచ్చని ఉత్తరం కూడా రాసేశాను. ఇవాళ అది పంపితే రేపు పొద్దున్నే యంత్రాలొస్తాయి."

"అరుదైన రకమైతే?"

"తవ్వకం ఆగుతుంది. కానీ కాదుగా! చీటీ మీద సంతకం చూడండి."

మెలికల సంతకం. అందులో పేరు చదవడం ఎవరి తరమూ కాదు. ఆ గదిలో సగం అట్టల మీద అదే. ఆ మనిషిని ఎన్నడూ చూడకపోయినా, అతను పని నేర్చుకున్నది ఆ చీటీలు చదివే.

"వారు మాకు గురువులు. వారు చెప్పాక ఇక తిరుగులేదు. అసలు మీరెవరు?"

"ముందు కాయను చూడు నాయనా, తర్వాత నన్ను చూద్దువుగాని. జెరేనియం అన్న పేరెక్కడిది?"

"గ్రీకు మాట. కొంగ పేరులోంచి వచ్చింది."

"ఎందుకూ? కాయ కొంగముక్కులా ఉంటుంది కనక. పేరు పెట్టినవాడు కాయను చూశాడు. మీ గురువులు పువ్వు చూసి మురిసిపోయి, ఏదో గిలికి పారేశారు. ఒట్టి బద్ధకం!"

"కాస్త మర్యాదగా..."

"మర్యాదలు చూసుకుంటూ కూచుంటే కొండ మిగలదు. అట్టకు ఆ మూల అతికించిన పొట్లం విప్పు. కాయ అందులోనే ఉంది."

ఉందని ఈవిడకెలా తెలుసో! నోరు మూయించవచ్చు కదా అని పంతంగా విప్పాడు. నిజంగానే ఎండుకాయ. భూతద్దం కింద పెట్టాడు. మామూలు రకానికి కాయ మీద ముడతలుండాలి. దీనికి ముడతన్నది లేదు, సన్నటి నూగుంది. ఆ నూగున్న రకం ఈ చుట్టుపక్కల ఇంకెక్కడా దొరకలేదు.

ఇది గురువును కాదనడమేనని అతనికి తెలుసు. అయినా ఉత్తరం చించి బుట్టలో వేశాడు.

పాత చీటీని పీకే అలవాటు అక్కడ లేదు. తప్పు తప్పుగానే ఉంటుంది. దాని కింద కొత్త చీటీ అతికించి, దిద్దినవాళ్లు సంతకం చెయ్యాలి. చీటీ, కలం ఆవిడ ముందుకు జరిపాడు.

ఆవిడ మొక్క అసలు పేరు రాసి, కింద అదే మెలికల సంతకం గీసింది.