గోడవతలి కబురు

కోడిపెట్ట మాణిక్యానికి రెండేళ్లు. కాస్త తీరిక దొరికితే చాలు, గోడ వారకు చేరి అవతలి పెరటి పెట్టలతో కబుర్లు చెబుతుంది.

"పనిలేని ఆడ ముచ్చట్లు!" అని ఈసడించేవాడు పుంజు. పొద్దున్నే అందరి చెవులూ చిల్లులు పడేలా తను అరిస్తే మాత్రం అది లోకసేవ.

ఒకరోజు గోడ మీది పిల్లి కిందికి తొంగి చూసింది. "ముంగిస రాకుండా కాపలా కాస్తున్నాను. అవతలి కోళ్ళు రోజూ నాకు గుడ్లిస్తున్నాయి. మరి మీరు?"

పుంజు వెంటనే ఒప్పేసుకున్నాడు. గుడ్లు పెట్టేది తను కాదు కదా!

పొదగడానికి గంపలో ఒక్క గుడ్డూ మిగలని రోజున మాణిక్యం గోడ దగ్గర గొంతెత్తింది.

"వదినా, పిల్లికి గుడ్లెందుకు ఇస్తున్నారే?"

"అదేంటి! మీరు ఇస్తున్నారనేగా మేమూ ఇస్తున్నాం!"

"ఇంతకీ ఆ ముంగిసను చూశారా?"

"పిల్లి చెప్పడమే గానీ చూసిందెవరు?"

గోడకు అటూ ఇటూ పెట్టలన్నీ గొల్లున నవ్వాయి. మర్నాడు పిల్లికి ఏ పెరట్లోనూ గుడ్డు దొరకలేదు. అది మరో గోడ వెతుక్కుంటూ పోయింది.

"కబుర్లతోనే ఇంత జరిగిందా?" అని గొణిగాడు పుంజు.

"మరి నీ కూతతో జరిగిందనుకున్నావా?" అంది మాణిక్యం తల ఎగరేసి.

ఆ వేసవిలో ఆమె గంపెడు పిల్లల్ని లేపింది. గింజలు ఏరడం కన్నా ముందు వాటికి గోడ వారన కబుర్లాడడం నేర్పింది.