నాలుగు ఏమిటి?

శుక్రవారంలోగా కాలేజీ టీచరుగా ఆమె చేయాల్సిన పనులు: రాళ్ళ నమూనాలకు కొత్త చీటీలు అతికించాలి. హాజరు పట్టీ ప్రిన్సిపాల్ గారికి అందజేయాలి. తొంభై పేపర్లు దిద్దాలి. అన్నిటికన్నా ముందు, లెక్క అనగానే గోడల వంక చూసే మొదటి సంవత్సరం భూగర్భశాస్త్రం పిల్లలకు గ్రాఫు గీయడం నేర్పాలి.

సోమవారం ఆ పాఠమే మొదలుపెట్టింది.

“కొండమీద పగులు రోజుకెంత పెరుగుతోందో కొలవండి. ఒకటిని ఆ అంకెతో భాగించండి. రోజుకో చుక్క పెట్టి, చుక్కల మీదుగా గీత గీయండి. ఆ గీత గ్రాఫు అడుగున సున్నాను తాకే రోజే కొండ జారే రోజు.”

“రాళ్ళ గురించి చదువుదామని చేరాం మేడం. ఈ భాగహారాలేంటి మాకు?” ముందు బెంచీ అమ్మాయి మూలిగింది.

“రాయి కూడా లెక్క ప్రకారమే పడుతుంది తల్లీ.”

వెనక బెంచీలో నడివయసు మనిషి ఒకాయన లేచాడు. బూట్లనిండా ఎర్రమట్టి. ఉద్యోగం చేసుకుంటూ చదువుకునే పెద్దవాళ్ళలో ఒకరనుకుంది.

“గీత వంకరొస్తేనో అమ్మా?”

“స్కేలు పెట్టుకోండి.”

క్లాసంతా గొల్లుమంది. ఆయనా నవ్వి కూర్చున్నాడు. ఆమె బోర్డుమీద కొన్ని అంకెలు రాసి లెక్క చేసిమ్మంది. గంట కొట్టాక అందరితోపాటు ఆయనా ఒక కాగితం ఇచ్చి వెళ్ళాడు.

మంగళవారం పేపర్లు దిద్దుతుంటే ఆ కాగితం దగ్గర ఆమె పెన్ను ఆగింది. తను ఇచ్చిన అంకెలు కావవి. చివర జవాబు ‘4’. అంతే.

‘నాలుగు ఏమిటి? యూనిట్ లేదు. ఇచ్చిన అంకెలు ఇవి కావు’ అని ఎర్రసిరాతో రాసి, పక్కన సున్నా చుట్టింది. వాళ్ళింట్లో మొదటి డిగ్రీ ఆమెదే. నియమం తప్పకుండా చదివే ఇంతదాకా వచ్చింది. ఇంకెవరు తప్పినా ఊరుకోదు.

బుధవారం ఆయన వచ్చి కాగితం అందుకున్నాడు.

“సున్నానా అమ్మా?”

“మరి? నాలుగు కిలోలా, నాలుగు వంకాయలా?”

మళ్ళీ నవ్వులు.

“అయితే నా లెక్క తప్పేనన్నమాట.”

“తప్పే.”

ఆయన గుండెలనిండా గాలి పీల్చుకున్నాడు. “బతికించారు తల్లీ!”

సున్నా వచ్చి సంబరపడే మనిషిని ఆమె అదే మొదటిసారి చూడటం.

శుక్రవారం మధ్యాహ్నం, ఆమె ఆఖరి చీటీ అతికిస్తుండగా, కిటికీ అద్దాలు గలగలమన్నాయి.

కొండవాలు పదకొండిళ్ళమీద జారిపడింది.

శనివారం పిల్లలను వెంటబెట్టుకుని సాయానికి వెళ్ళింది. మట్టి తవ్వుతున్నచోట ఒకామె కాగితం పట్టుకుని కూర్చుని ఉంది. పొద్దున్నే పనికి వెళ్ళడంవల్ల బతికిందట.

కాగితంమీద ఎర్రసిరా చూసి టీచరు ఆమె దగ్గరికి వెళ్ళింది.

“ఇది... ఎక్కడిది?”

“మా అన్నయ్యదమ్మా. రోడ్డు పనికి పోతూ వస్తూ ఆర్నెల్లుగా ఆ పగులు కొలిచేవాడు. కాలేజీలో ఆ లెక్క చెబుతారని ఎవరో అంటే వెళ్ళి విన్నాడు. సోమవారమే అందరినీ ఖాళీ చేయించి బడిలోకి చేర్చాడు.”

“మరి...?”

“బుధవారం ఈ కాగితం తెచ్చాడు. ‘పెద్ద చదువు చదివినామె తప్పని దిద్దింది, ఇంక భయంలేదు, ఇళ్ళకు పదండి’ అన్నాడు. అందరికన్నా ముందు తనే వెళ్ళాడు.”

టీచరు కాగితం అడిగి తీసుకుంది. మట్టిలోనే కూర్చుని మొదటి చుక్క నుంచి లెక్క వేసింది. భాగహారాలు సరిగ్గానే ఉన్నాయి. గీత తిన్నగా ఉంది. సోమవారం నుంచి నాలుగు రోజులు.

ఆ లెక్క క్లాసులోని తొంభైమంది పిల్లల్లో ఒక్కరికీ సరిగ్గా రాలేదు. ఈసారి ఎవరి జవాబుమీదైనా సున్నా చుట్టబోయే ముందు, దాన్ని తప్పులేకుండా చేసిన ఆ రోడ్డు కూలీని దయచేసి ఒక్కసారి గుర్తుచేసుకోండి.