పేరు వినకూడదు

బళ్లారి హోటల్లో గనుల యజమానులకూ లారీల యజమానులకూ నీతి పాఠాలు. ఈ తరగతికి రాకపోతే ఖనిజం కొనే ఉక్కు కంపెనీ కాంట్రాక్టు ఇవ్వనంది. ఇంకేముంది, అందరూ బుద్ధిగా వచ్చి కూర్చున్నారు.

వాళ్ల ఫోన్లూ, వెంట వచ్చినవాళ్ల ఫోన్లూ ఆపించి గుమ్మం దగ్గర బుట్టలో వేయించారు.

పాఠం మధ్యలో లారీల యజమాని చక్రధర్ దగ్గరికి అతని మేనేజరు యల్లేష్ వచ్చి చెవిలో గొణిగాడు. రూపనగుడి దారిలో మన టిప్పరు స్కూటీని గుద్దిందట. స్కూటీ మీది పిల్లను ఆసుపత్రిలో చేర్చినవాడెవడో బయట నిలబడి, చక్రధర్‌ను వెంటనే రమ్మంటున్నాడట.

"అంగీ నిండా రక్తం ఉండాదప్పా. పిల్ల పేరు చెప్తానంటాడు."

"విన్నావా?"

"లేదప్పా. చెప్పకముందే ఆపినా."

చక్రధర్‌కు ప్రాణం కుదుటపడింది. లారీల వ్యాపారంలో తండ్రి నేర్పిన మొదటి పాఠం అదే. పేరు విన్నామా, కేసు మెడకు చుట్టుకున్నట్టే. ఆసుపత్రి గడప తొక్కామా, తప్పు ఒప్పుకున్నట్టే.

"పరిహారం కోసం వచ్చిన గిరాకీ. బయటికి తోలు."

తోలారు. ఆ మనిషి సిగ్గు లేకుండా మళ్లీ వచ్చాడు. ఈసారి పేరు చెప్పబోతే నోరు నొక్కి మెట్ల మీద నుంచి ఈడ్చేశారు.

"పిల్ల నాయనా నాయనా అంటాందంటప్పా," అన్నాడు యల్లేష్.

"అయితే పోయి వాళ్ల నాయనను పిలుచుకోమను."

అంతలో పాఠం చెప్పే సరోజినీదేవి ఒక ప్రశ్న వేశారు. మీ బండి ఎవరినైనా గుద్దితే మొదట ఏం చేస్తారు?

చక్రధర్ లేచాడు. "మొదట ఆసుపత్రికి పరుగెత్తుతా మేడమ్. మనిషి ముందు, వ్యాపారం తర్వాత."

చప్పట్లే చప్పట్లు.

సాయంత్రం ఫోను తెరిస్తే, పుట్టింటికి పోయిన భార్య చేసిన కాల్స్ వరుసగా ఉన్నాయి. ఆసుపత్రికి చేరేసరికి కూతురు హిమజ మొహం మీద గుడ్డ కప్పేశారు.

చక్రధర్ నేల మీద కూలబడి గుండెలు బాదుకున్నాడు. ఎంతోసేపటికి, ఆఖర్న బిడ్డ దగ్గర ఎవరున్నారని నర్సు మంజుశ్రీని అడిగాడు.

"తెచ్చినాయనే ఉండె. మిమ్మల్ని పిలుచుకొని రాలేకపోయినానని శానా ఏడ్చినాడు. పిల్ల నాయనా అన్నప్పుడల్లా, ఈడే ఉండానమ్మా అంటా కడదాకా చెయ్యి పట్టుకున్నాడు."

"ఎవరాయన? పేరేంది?"

ఆమె హిమజ మొహం మీది గుడ్డ సరిచేసింది.

"తిమ్మన్న. పోయినేడు మీ లారీ గుద్దితే, ఈ వార్డులోనే ఆయన కొడుకు చనిపోయినాడు."